ఎడమ డొక్క

ఆవు తేన్చడం చూడాలంటే నోటి వంక చూడకూడదు, మెడ వంక చూడాలి. ఎడమ పక్కన, ఛాతీ దగ్గర, చర్మం కింద చిన్న అల ఒకటి పుట్టి గొంతు దాకా చరచరా ఎక్కుతుంది. మనుషుల్లాగా బ్రేవుమని చప్పుడు చెయ్యదు, అది మర్యాదస్తురాలు. కాకపోతే నెమరు ముద్ద పైకొచ్చేటప్పుడూ అల అలాగే ఎక్కుతుంది. అప్పుడు వెంటనే దవడ ఆడుతుంది. దవడ ఆడకపోతే అది తేన్పు. ఈ తేడా పట్టుకోవడానికి కొత్తవాళ్ళకి నెల పడుతుంది. తేన్పులక్కకి క్షణం పట్టదు. ఆ పశువుల పరిశోధన కేంద్రంలో పదకొండేళ్ళుగా ఆమె పనే అది. స్టూలు మీద కూర్చుని, చేతిలో అంకెలు చూపే నొక్కుడు మీట పట్టుకుని, ఆవుల తేన్పులు లెక్కపెట్టడం.

అసలు పేరు కేంద్రం వాళ్ళ కాయితాల్లో ఉంటే ఉండొచ్చు. గేటు కాపలా మనిషి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ తేన్పులక్క అనే అంటారు. మొదట్లో ఏడ్చింది, తరవాత నవ్వింది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తననే అనుకోదు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా నల్లచెవి ఆవు ఇరవై రెండు సార్లు తేన్చింది. తేన్పులక్క మీట వంక చూసి, కునుకు గానీ తీశానా అని తనని తానే అనుమానించింది. పాత షెడ్డులో ఇదే ఆవు, ఇదే మేత మీద, గంటకి అరవైకి తగ్గేది కాదు.

ఇది పాత షెడ్డు కాదు, కొత్తగా కట్టిన కొలతల గది. చుట్టూ తెల్ల పలకలు, తొట్టి మీద అద్దం డబ్బా. ఆవు తల అందులో పెట్టి కడతారు. ముక్కులోంచీ నోట్లోంచీ వచ్చే గాలినంతా డబ్బా పైన ఉన్న గొట్టం పీల్చుకుని, గోడకి అవతల ఉన్న మిషనుకి పంపిస్తుంది. అందులో గ్యాసు ఎంతుందో మిషను తెర మీద ఆకుపచ్చ గీత గీసి చూపిస్తుంది. ఈ హంగామా అంతా ఒక పసుపురంగు పౌడరు కోసం. ఆవు తేన్పుల్లో వచ్చే గ్యాసు లోకాన్ని వేడెక్కిస్తుందట. పౌడరు మేతలో గుప్పెడు కలిపితే ఆవు పొట్టలో గ్యాసు పుట్టడం తగ్గుతుందని పెద్ద డాక్టరు గారి నమ్మకం. ఆరు ఆవుల మెడలకి పసుపు పట్టీలు కట్టి నెల రోజులుగా పౌడరు పెడుతున్నారు. పౌడరుకి ముందు కొలతలు పాత షెడ్డులో తీశారు. పౌడరు మొదలయ్యాకే ఈ గది తయారైంది కాబట్టి ఆ తరవాతి కొలతలన్నీ ఇక్కడే. అయిదు ఆవుల్ని పూటకొకటి చొప్పున కట్టి చూస్తే గ్యాసు సగానికి పడిపోయింది. ఇక ఆరోదైన నల్లచెవిని వరసగా మూడు రోజులు కట్టి ఉంచుతారు. మూడో రోజు పైనుంచి ముగ్గురు పెద్దలు వచ్చి చూస్తారు. వాళ్ళు సరేనంటే పౌడరు ప్రతి పాల కేంద్రానికీ వెళ్తుంది.

చిన్న డాక్టరమ్మ తెర చూసి పరుగున లోపలికి వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల. ఈ పౌడరు ఫలితం మీదే ఆమెకి ఇక్కడ పక్కా ఉద్యోగం వచ్చేదీ రానిదీ తేలుతుంది.

"ఎంతక్కా?"

"ఇరవై రెండు."

"మిషను కూడా అదే అంటోంది! మూడో వంతుకి దిగిపోయిందక్కా. పౌడరు పనిచేస్తోంది!"

"తేన్పులు తగ్గాయి డాక్టరమ్మా. గ్యాసు తగ్గిందో లేదో నాకు తెలీదు."

"రెండూ ఒకటేగా?"

"ఒకటెలా అవుతాయి? పుట్టేది వేరు, బయటికొచ్చేది వేరు. ఇలా రండి, ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆవుకి ఎడమ పక్క, తుంటి ఎముక ముందు, అరచెయ్యి ఇమిడేంత గుంట ఉంటుంది. దాన్ని ఎడమ డొక్క అంటారు. కింద ఉండేది పెద్ద పొట్ట. ఆరోగ్యంగా ఉన్న ఆవుకి అక్కడ లోతుగా, మెత్తగా ఉంటుంది. నల్లచెవికి పొద్దునే ఆ గుంట పూడిపోయి చదునైంది. చిన్న డాక్టరమ్మ నొక్కి చూసింది.

"కడుపు నిండా తిన్నట్టుంది."

"సగం కూడా తినలేదు. తొట్టి చూడండి. ఓ గంట బయట తిప్పుకొస్తాను."

"అమ్మో, కదపకూడదక్కా! కదిపితే కొలత మళ్ళీ మొదటికొస్తుంది. నీకేం భయం లేదు, నేను చూసుకుంటాగా."

ఆమె సంతోషం చూస్తే ఇంకో మాట అనబుద్ధి కాలేదు. అయినా తేన్పులక్క మనసు మనసులో లేదు. నల్లచెవి పుట్టినప్పుడు దాని కాళ్ళు పట్టి లాగింది తనే.

మధ్యాహ్నం మేత గదిలో వదినకి చెప్పింది. వదినంటే మొగుడి అక్క. ఆరు ఆవులకీ పౌడరు కలిపేది ఆవిడే.

"నీకెందుకే ఆ గొడవ?" అంది వదిన, తట్టలో దాణా కలుపుతూ. "మిషనొచ్చాక మనిషెందుకని ఇప్పటికే అనుకుంటున్నారు. నెలాఖరుకి నీ ఉద్యోగం పొడిగింపు కాయితం బల్ల మీదకొస్తుంది. నోరు మూసుకుని లెక్కపెట్టుకో. అసలే మా తమ్ముడు పని లేక ఇంట్లో కూర్చున్నాడు."

"ఆవు చస్తే?"

"చావదులే. అంతమంది డాక్టర్లున్నారు."

"అందుకే భయంగా ఉంది వదినా."

వదినకి నవ్వు ఆగలేదు. తేన్పులక్క నవ్వలేదు.

మంగళవారం లెక్క పద్నాలుగు.

డొక్క చదును దాటి పైకి లేచింది. నల్లచెవి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది. ఉండుండి వెనక కాలితో తన పొట్టనే తన్నుకుంటోంది. తల తిప్పి చూసుకుందామంటే అద్దం డబ్బా అడ్డం.

పేడ ఎత్తి, గొట్టం పెట్టి నేల కడుగుతూ తేన్పులక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. నీళ్ళు తొట్టి వైపు పారి, ఆవు ముందు కాళ్ళ దగ్గర మడుగు కట్టి, అక్కడున్న కాలవలోకి పోతున్నాయి. రోజూ చూస్తున్న నీళ్ళే. కాలవ అటు పెట్టారు కాబట్టి అటు పోతున్నాయి, ఇందులో వింతేముంది అనుకుంది ఇన్నాళ్ళూ. గొట్టం వదిలేసి గుమ్మం దాకా వెనక్కి నడిచి, పక్క నుంచి ఆవుని చూసింది. నడుము ఎత్తుగా ఉంది, భుజాలు దిగువగా ఉన్నాయి. జానెడు తేడా.

"ఓరి మీ మేస్త్రి కడుపు మాడ!" అంది పైకే.

చిన్న డాక్టరమ్మ గదికి వెళ్ళి, బల్ల మీదున్న సగం తాగిన నీళ్ళ సీసా తీసి, మూత కిందికి వచ్చేలా వంచి పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఇప్పుడు మూత దగ్గర ఏముంది? గాలా, నీళ్ళా?"

"నీళ్ళు."

"గాలెక్కడుంది?"

"పైన, అడుగు వైపు. ఏంటక్కా ఇది, పొద్దున్నే గారడీ?"

"ఆవు పెద్ద పొట్టకి మూత ముందు వైపుంటుంది, గొంతు గొట్టం వచ్చి కలిసే చోట. ఆ గదిలో ఆవు పల్లానికి ముఖం పెట్టి నిలబడుతోంది. లోపలి జావంతా ముందుకొచ్చి మూత మీద నిలిచింది. గాలి వెనక ఉండిపోయింది. జావ తగులుతున్నంత సేపూ ఆ మూత తెరుచుకోదు. మీరు చదువుకున్నారు, మీకు నేను చెప్పేదేంటి?"

చిన్న డాక్టరమ్మ సీసా తీసుకుని తనే మళ్ళీ వంచి చూసింది. ముఖంలో రంగు మారింది. తేన్పులక్కకి ఆ పిల్ల మీద జాలేసింది. నెల రోజుల సంతోషం ఒక్క సీసాతో ఒలికిపోయింది మరి.

ఇద్దరూ కలిసి పెద్ద డాక్టరు గదికి వెళ్ళారు. ఆయన రేపు పెద్దలకి చూపించడానికి గీతల బొమ్మలు సర్దుకుంటున్నాడు. చిన్న డాక్టరమ్మ చెప్పడం మొదలుపెట్టింది గానీ రెండో వాక్యానికే ఆగిపోయింది. మిగిలింది తేన్పులక్క చెప్పింది.

"గదికి వాలు లేకుండా ఎవరు కడతారు? నీళ్ళు పోవద్దూ?" అన్నాడాయన.

"నీళ్ళు వెనక్కి పోవాలి సార్, ముందుకి కాదు. పాత షెడ్డులో వెనక్కే పోయేవి."

"నిన్ను తేన్పులు లెక్కపెట్టమన్నాం, పాఠాలు చెప్పమనలేదు. కాస్త ఉబ్బరం చేస్తే నూనె పట్టించండి. రేపు మధ్యాహ్నం దాకా ఆ ఆవు అక్కడ్నించి కదలడానికి వీల్లేదు."

చిన్న డాక్టరమ్మ తల వంచుకుని బయటికొచ్చింది. వరండాలో, "ఒక్క రోజు ఓర్చుకో అక్కా," అంది.

"ఓర్చుకోవాల్సింది నేను కాదుగా డాక్టరమ్మా."

సాయంత్రం ఇంటికి బయల్దేరబోయే ముందు తేన్పులక్క నాలుగు గోనెసంచుల్లో మట్టి నింపి, వాటిని నల్లచెవి ముందు కాళ్ళ కింద పేర్చింది. ఒక్కో గిట్టనీ బతిమాలి ఎక్కించింది. రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. తరవాత మెడలో అల లేచింది. వెంటనే ఇంకోటి. ఆ తరవాత వరసగా, ఆగకుండా. డొక్క ఆమె చేతి కిందే మెత్తబడింది. "తేన్చవే తల్లీ, కడుపారా తేన్చు," అంటూ నిలబడింది. కొత్తగా మేత మరిగిన దూడ మొదటిసారి నెమరేస్తే కలిగే ఆనందం లాంటిది కలిగింది.

కానీ మిషను ఊరుకోలేదు, చాడీ చెప్పేసింది. ఆకుపచ్చ గీత నిటారుగా లేవడం పెద్ద డాక్టరు తన గదిలో ఉన్న రెండో తెర మీద చూశాడు. వచ్చాడు, సంచులు చూశాడు, తనే వంగి ఒక్కొక్కటీ ఈడ్చి అవతల పారేశాడు. తెల్ల చొక్కాకి మట్టి అంటింది.

"ఈ గదిలో మళ్ళీ గోనెసంచి కనబడిందా, నువ్వు కనబడవు," అన్నాడు. గది తాళం తన జేబులో వేసుకున్నాడు.

బుధవారం పొద్దున గేటు కాపలా మనిషి పెద్ద డాక్టరు దగ్గర్నుంచి తాళం తెచ్చి ఇస్తే తేన్పులక్క తలుపు తీసింది. ఎడమ డొక్క వెన్నుపూసని దాటి పైకి పొంగింది. వేలితో కొడితే డప్పులా మోగింది. నల్లచెవి కాళ్ళు ఎడం చేసి నిలబడి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. నాలుక బయటికి వేలాడుతోంది. చొంగ తాడులా కారుతోంది. పొట్టలో గాలి ముందుకి తోసి ఊపిరితిత్తుల్ని అణిచేస్తోంది. ఇప్పుడది కూలబడితే మళ్ళీ లేవదు. తేన్పులక్క మీట చేత్తో పట్టుకోనైనా లేదు.

గోడ అవతల ముగ్గురు పెద్దలూ అప్పటికే వచ్చేశారు. పెద్ద డాక్టరు గొంతు ఖంగున వినిపిస్తోంది. "గమనించండి, గీత దాదాపు నేలకి ఆనింది. ఇంతకంటే ఏం కావాలి?" మిషను దగ్గర నిలబడితే కిటికీలోంచి ఆవు తోక మాత్రమే కనబడుతుంది. చిన్న డాక్టరమ్మ ఆ కిటికీలోంచి తేన్పులక్క ముఖం చూసింది. తేన్పులక్క చేత్తో డొక్క చూపించింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుని పెద్ద డాక్టరు వంక చూసి, మళ్ళీ ఇటు చూసింది. కదల్లేదు.

నల్లచెవి ముందు మోకాళ్ళు వణికాయి. ఒకటి వంగింది.

"పోతే పోయింది వెధవ ఉద్యోగం!" అని తేన్పులక్క బొడ్లో దోపుకున్న గడ్డి కొడవలి తీసి, మెడతాడు ఒక్క వేటున తెంచింది. అద్దం డబ్బా తలుపు భుజంతో నెట్టి, ఆవు తలని రెండు చేతులతో కావలించుకుని వెనక్కి తిప్పింది. అది తిరగలేక తూలింది. "రావే, నా బంగారం, ఒక్క అడుగు, ఒక్కటంటే ఒక్కటి," అని ఏడుస్తూ, తిడుతూ, గుమ్మం వైపు ఎత్తుకి లాగింది. ముందు కాళ్ళు గడప మీదకి ఎక్కాయి. చీపురు కర్ర విరిచి దాని నోట్లో అడ్డంగా పెట్టి, రెండు కొసలకీ తెగిన తాడు చుట్టి కొమ్ముల వెనక బిగించింది. నోట్లో అడ్డం ఉంటే నమలాలని చూస్తుంది, గొంతు ఆడుతుంది. ఎడమ డొక్కని రెండు పిడికిళ్ళతో కింద నుంచి పైకి మర్దనా మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పది, ఇరవై. ఏమీ రాలేదు. చేతులు పడిపోతున్నాయి. ఇరవై అయిదో ఇరవై ఆరో, ఆమెకి గుర్తు లేదు. మెడలో ఇంత లావు అల లేచింది. ఈసారి చప్పుడు వచ్చింది. గదంతా పులిసిన వాసన నిండిపోయింది.

పెద్దలు ముగ్గురూ ముక్కులు మూసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నల్లచెవి తేన్పు మీద తేన్పు తేన్చుతోంది. డొక్క కళ్ళ ముందే దిగుతోంది. తేన్పులక్క నేల మీద కూలబడి దాని కాలికి ఆనుకుని రొప్పుతోంది.

పెద్ద డాక్టరు ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే.

"పచ్చి మేత వేశావు కదూ?" అన్నాడు అందరికీ వినబడేలా. అతిథుల వైపు తిరిగి, "తడి పచ్చి మేత తింటే ఇలాగే ఉబ్బుతుందని మీకు తెలియంది కాదు. నేను లేనప్పుడు దొంగతనంగా వేసుంటుంది. ఇలాంటివాళ్ళతో పరిశోధన చెయ్యాలి మా ఖర్మ."

తేన్పులక్కకి మొదట ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళలో ఆవు నోటి దగ్గర లెక్క తప్పి ఒక్క గడ్డిపోచ పెట్టి ఎరగదు.

"నేను వెయ్యలేదు సార్."

"అబద్ధం కూడానా?"

ఆమె చిన్న డాక్టరమ్మ వంక చూసింది. ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. దెబ్బ అక్కడే గట్టిగా తగిలింది.

"మీరు భోజనం చేసి రండి," అని పెద్ద డాక్టరు అతిథులతో అన్నాడు. "పౌడరు తిన్నవి ఇంకా అయిదున్నాయి. ఒకదాన్ని కట్టిస్తాను. ఫలితం మీ కళ్ళతో మీరే చూద్దురుగాని." వెళ్ళబోతూ తేన్పులక్క మీదకి వంగి గొంతు తగ్గించాడు. "వెళ్ళి ఒకదాన్ని తెచ్చి కట్టు. నీ సంగతి సాయంత్రం."

నల్లచెవిని చెట్టు నీడన ఎత్తులో కట్టేసి ఆమె షెడ్డుకి వెళ్ళింది. వదిన ఎదురొచ్చింది, కబురు అప్పటికే తెలిసిపోయినట్టుంది. "నే చెప్తే విన్నావా? ఇప్పుడు దొంగవి కూడా అయ్యావు," అని కళ్ళు తుడుచుకుంది. తేన్పులక్క ఆవిడని దాటి లోపలికి నడిచింది. పసుపు పట్టీల ఆవులు అయిదూ వరసలో నిలబడి ఉన్నాయి. మొదటి దాని తాడు విప్పబోయి ఆగింది. వరస చివర, పట్టీ లేకుండా, ముసలావు పడుకుని తాపీగా నెమరేస్తోంది. పాలివ్వడం మానేసి రెండేళ్ళు. ఏ పరిశోధనకీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

"వదినా, ముసల్దానికి పౌడరు ఎప్పుడైనా కలిపావా?"

"దానికెందుకే, దండగ! లెక్కలో లేనిదానికి."

తేన్పులక్క మొదటి ఆవు తాడు మళ్ళీ బిగించి, ముసలావుని లేపింది.

కొలతల గదిలో కట్టేటప్పుడు దాని చెవిలో, "గంటన్నర ఓపిక పట్టు పెద్దమ్మా. డొక్క ఒక్క వేలు పైకి లేచిందా, నేనే తాడు కోసేస్తాను," అని చెప్పింది. కొడవలి చేతికందేలా స్టూలు మీద పెట్టుకుంది.

అద్దం డబ్బా మూయడానికి చిన్న డాక్టరమ్మ వచ్చింది. డబ్బా తలుపు మీద చెయ్యి వేసి, ఆవు మెడ వంక చూసింది. పట్టీ లేదు. తల తిప్పి తేన్పులక్కని చూసింది. తేన్పులక్క చూపు దించలేదు. ఆ పిల్ల నోరు తెరిచింది. ఇప్పుడు కేకేస్తుంది, అయిపోయింది అనుకుంది తేన్పులక్క. చిన్న డాక్టరమ్మ నోరు మూసేసుకుని, డబ్బా తలుపు వేసి, గడియ పెట్టి, వెళ్ళి మిషను నొక్కింది.

ఆ గంటన్నరా తేన్పులక్క మీట ముట్టుకోలేదు. ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. మొదట చెయ్యి గుంటలో ఇమిడింది. అరగంటకి గుంట లోతు తగ్గింది. గంట దాటాక చదునైంది. ముసలావు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారింది. "కాస్సేపు, ఇంకాస్సేపు," అంది తేన్పులక్క. రెండో చెయ్యి కొడవలి మీదకి పోయింది.

అప్పుడు గోడ అవతల అడుగుల చప్పుడు వినిపించింది.

"చూశారా!" పెద్ద డాక్టరు గొంతు ఇప్పుడు నిండుగా ఉంది. "ఈ పై గీత మామూలు ఆవుకి ఉండాల్సింది. ఈ ఆవు గీత ఇదిగో. సగం కూడా లేదు. పొద్దున్న జరిగింది ఒక మనిషి చేసిన తప్పు. ఇది పౌడరు చేసిన పని."

ఒకరు మెచ్చుకోలుగా ఏదో అన్నారు. ముగ్గురిలో పెద్దావిడ, నెరిసిన జుట్టామె, మిషను దగ్గర ఆగకుండా చేతికర్ర ఊనుకుంటూ గదిలోకే వచ్చింది. మిగతావాళ్ళూ వెనకే వచ్చారు.

"ఈ ఆవుకి ఎన్నాళ్ళుగా పెడుతున్నారమ్మా పౌడరు?"

"నెల రోజులుగా," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఆమెని అడిగానండీ."

తేన్పులక్క లేచి నిలబడింది. వదిన కన్నీళ్ళు గుర్తొచ్చాయి, ఇంట్లో మొగుడు గుర్తొచ్చాడు. డొక్క మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఒక్క గుప్పెడు కూడా పెట్టలేదమ్మా. ఇది ఆ పౌడరు వాసన కూడా ఎరగదు."

పెద్దావిడ ఆవు మెడ చూసింది, కిటికీలోంచి తెర మీద గీత చూసింది.

"మరి గ్యాసు ఎందుకు తగ్గింది?"

"తగ్గలేదమ్మా. ఎంత పుట్టేదో అంతా పుట్టింది. బయటికి రాలేక లోపలే ఉంది. నేల చూడండి, పల్లం తల వైపుంది. ఇందులో ఏ ఆవుని కట్టినా ఇంతే."

పెద్దావిడ నేల చూసి, మెల్లిగా వంగి, చేతికర్రని అడ్డంగా పడుకోబెట్టింది. అది దొర్లి తొట్టి కింద కాలవకి తగిలి ఆగింది.

పెద్ద డాక్టరు ముఖం కందగడ్డలా అయింది. "ముసల్దాన్నా కట్టావు? పౌడరు ఆవుని తెమ్మంటే దీన్ని తేవడానికి నీకెంత ధైర్యం? ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

తేన్పులక్క దగ్గర జవాబు ఉంది. నేనే, అందామని నోరు తెరిచింది.

"నేనే సార్," అంది చిన్న డాక్టరమ్మ గుమ్మంలోంచి. "నేనే తెమ్మన్నాను. నేల సంగతి ఆమె నిన్ననే చెప్పింది. నాకూ చెప్పింది, మీకూ చెప్పింది. పచ్చి మేత ఎవరూ వెయ్యలేదు. పాత అయిదు కొలతలూ ఈ గదిలోవే, అవీ పనికిరావు."

ఆ పిల్ల ఏం పోగొట్టుకుంటోందో ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది తేన్పులక్కకే. ఆమె వంక చూస్తే ఏడుపు ఆగదని చూడలేదు. గడియ తీసి, ముసలావు తాడు విప్పి, దాని తల పట్టుకుని వెనక్కి తిప్పసాగింది. ఇరుకు గదిలో ఒక్కతి వల్ల కాలేదు. చిన్న డాక్టరమ్మ వచ్చి అటు పక్క భుజం వేసి నెట్టింది.